‘రెడ్ డెజర్ట్’లో ఆ రంగులు ఎవరి కంటికి కనిపించేవి?

ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన ‘రెడ్ డెజర్ట్’ (1964) సినిమా గురించి ఆదివారం మా ఫిల్మ్ క్లబ్‌లో మాట్లాడాలి. ఒక్క దగ్గర ఆగిపోయాను.

జూలియానా (మోనికా విట్టి) కారు ప్రమాదం తర్వాత మానసికంగా ఇంకా కుదుటపడని మనిషి. ఆమె కొట్టు పెట్టాలనుకున్న వీధిలో ఒక పండ్ల బండి ఉంటుంది. దాని మీద పండ్లన్నీ బూడిద రంగే! ముందు మా టీవీని అనుమానించాను. పిక్చర్ మోడ్ మార్చాను, లాప్‌టాప్‌లోనూ చూశాను. అదే బూడిద. తీరా చూస్తే, వాటికి రంగు వేయించింది దర్శకుడే.

హోటల్ గది గులాబీ రంగుకు మారడం ఆమె మనఃస్థితే అనుకోవచ్చు, అక్కడ నాకు పేచీ లేదు. కానీ చివర్లో ఫ్యాక్టరీ వదిలే పసుపు పొగ ఆమె భ్రమ కాదు కదా, అది నిజంగానే విషం. ఆ మాట ఆమే కొడుక్కి చెబుతుంది.

రెండుసార్లు పాజ్ చేస్తూ చూసి, ఆమె ఉన్న షాట్లు, లేని షాట్లు విడివిడిగా రాసుకున్నాను. అయినా ఆ రంగులు ఆమె కంటికి కనిపించేవో, దర్శకుడు మనకు చూపించేవో తేలలేదు.

జూలియానా అసలు లేని సీన్లో కూడా రంగు ఇలా అసహజంగా మారిన చోటు మీకెక్కడైనా కనిపించిందా?