మిర్చి కరపత్రం: సార్‌కి నచ్చేలా రాయాలా, బాబాయికి అర్థమయ్యేలా రాయాలా?

కల్లం కుర్రోడు, గుంటూరు
ఒక రైతు సంఘానికి మిర్చి ఎండబెట్టడం మీద కరపత్రం రాసే పని నా నెత్తిన పడింది. అగ్రికల్చర్ చదివా, విషయం తెలుసు, అయినా మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నా. మొదట ఇలా రాశా: "కోత అనంతర యాజమాన్యంలో భాగంగా కాయలలో తేమ 10 శాతం మించకుండా ఆరబెట్టి, శిలీంధ్ర విషపదార్థముల ఉత్పత్తిని నివారించవలెను." నలభై ఏళ్లుగా మిర్చి వేస్తున్న మా బాబాయికి చదివి వినిపిస్తే, అంతా విని "బాగానే ఉంది గానీ, ఇంతకీ నన్నేం చేయమంటావురా?" అన్నాడు. సరే అని మామూలు మాటల్లోకి మార్చి పట్టుకెళ్తే, సంతకం పెట్టే సార్ "రచ్చబండ కబుర్లలా ఉందేంటయ్యా, కాస్త స్థాయి ఉండాలి" అని తిప్పి పంపారు. సోమవారం ప్రెస్సుకి ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

ప్రూఫుల మాస్టారు, విజయవాడ
ఆ "వలెను" చూడగానే తెలిసిపోతుంది తమ్ముడూ, అది రైతుకి కాదు, ఫైలుకి రాసిందని. ఏటా ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారి ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, మర్నాడు మళ్లీ "చేయవలెను" అని సర్క్యులర్ తీస్తాం. అది పక్కన పెట్టు. 10 శాతం అన్నావు, బానే ఉంది, తేమ కొలిచే మిషన్ కల్లంలో ఎవరి దగ్గరుంటుంది? కాయ ఎండిందని ఎలా తెలుస్తుందో మీ బాబాయినే అడుగు, ఆయన ఏం చెబితే అదే రాయి. సార్‌ కోసం ముందు ఒక పేజీ కవరింగ్ లెటర్ పెట్టు, "వలెను"లన్నీ అందులో పోసెయ్.

పురుగుమందుల కొట్టు
మాస్టారితో సగమే ఒప్పుకుంటా. రేపు పురుగుమందుల మీద కరపత్రం రాసేటప్పుడు, సులువుగా ఉండాలని మందుల టెక్నికల్ పేర్లు, అంటే లోపలున్న అసలు మందు పేర్లు తీసేస్తే మాత్రం కొంప మునుగుతుంది. రైతు ఆ కాగితం తెచ్చి కౌంటర్ మీద పెడతాడు, అప్పుడు చదివేది నేను, కంపెనీకో పేరు పెట్టి అమ్ముతారు కాబట్టి నాకు టెక్నికల్ పేరే కావాలి. అలాగే హెక్టారు లెక్కలు వద్దు బాబూ. "హెక్టారుకు 500 లీటర్ల ద్రావణం" అంటే ఎవరికెక్కుతుంది? ఎకరానికి 200 లీటర్లు, అంటే 20 లీటర్ల ట్యాంకులు పది అని రాయండి. లీటరుకు 2 మి.లీ. అయితే ట్యాంకుకు 40 అని మీరే గుణించి పెట్టండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు చూశారుగా, ఎరుపైతే అన్నిటికన్నా ఎక్కువ విషం, అక్షరం రానివాడికీ తెలిసిపోతుంది. మన కరపత్రాలు రాసేవాళ్లకి ఆ మాత్రం ఆలోచన ఎందుకు రాదో!

కల్లం కుర్రోడు
ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. బాబాయిని అడిగి తిరగరాశా: "కాయ చెవి దగ్గర పెట్టి ఊపండి. గింజ గలగలమంటే ఎండినట్టు. మెత్తగా తగిలితే ఇంకో రెండు ఎండలు పడాలి. పచ్చి మీద మూట కడితే లోపల బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, అది పరిమితి దాటితే ఎగుమతికి తీసుకోరు. యార్డులో మిషన్ పెట్టి చూస్తే తేమ 10 దాటకూడదు."

కవరింగ్ లెటర్ చూసి సార్ సంతకం పెట్టేశారు, లోపలి పేజీలు తిప్పినట్టు కూడా లేరు. బాబాయి మాత్రం కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "రంగు పోయిన తాలు కాయలు వేరుగా ఏరమని రాయలేదేంట్రా?" అని గట్టిగా వేసుకున్నాడు. అది చేర్చి పంపిస్తున్నా.