గ్రూప్ థెరపీలో సభ్యులకీ, నడిపేవాళ్లకీ ఏ ప్రశ్నావళి ఇవ్వాలి?

ప్రశ్న
డిప్రెషన్‌ ఉన్నవాళ్లకి గ్రూపు నడుపుతున్నామండీ. 8 మంది సభ్యులు, వారానికోసారి గంటన్నర, 12 వారాలు. నడిపేది ఇద్దరం. ఆఖర్న ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే అందరూ "చాలా బాగుంది" అనే రాస్తున్నారు. అసలు ఏ ఫారం, ఎప్పుడు ఇవ్వాలి?

జవాబు
మనిషి ఎలా ఉన్నాడు, గ్రూపులో ఏం జరుగుతోంది, ఈ రెండూ వేర్వేరు. ఒకే ఫారంలో కలపకండి. మొదటిదానికి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళి) చాలు, ఉచితం కూడా. 9 ప్రశ్నలు, మొత్తం 0 నుంచి 27. అడిగేది గత రెండు వారాల గురించి కాబట్టి రెండు వారాలకోసారి ఇవ్వండి, అదీ సెషన్‌కి ముందే. ఒకటి రెండు పాయింట్లు అటూఇటూ అవడం మామూలే. 5 తగ్గితే మెరుగైనట్టు లెక్క.

9వ ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడ 0 కాకుండా ఏది టిక్ పెట్టినా ఆ రోజే ఆ మనిషితో విడిగా మాట్లాడాలి. అందుకే సభ్యుల్ని పావుగంట ముందు రమ్మనండి. ఫారాలు చూడకుండా ఫైల్లో పెట్టి సెషన్ మొదలుపెట్టడం ప్రమాదం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫారం మీదే అచ్చువేయించండి.

జవాబు
గ్రూపు వాతావరణానికి మనోవైద్యుడు మెకెంజీ 1983లో ఇచ్చిన గ్రూప్ క్లైమేట్ క్వశ్చనీర్ ఉంది. 12 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 6. సెషన్ అయ్యాక గది దాటకముందే నింపించాలి. ఇందులో మూడు భాగాలు: ఎంగేజ్డ్‌కి (కలిసి పాల్గొనడం) 5 వాక్యాలు, కాన్‌ఫ్లిక్ట్‌కి (గొడవ, దూరం) 4, అవాయిడింగ్‌కి (అసలు విషయం తప్పించుకోవడం) 3. దేని సగటు దానికే వేయండి, మూడూ కలిపితే అర్థం ఉండదు.

మీకు పనికొచ్చేది 5వ వాక్యం: దారి చూపమని సభ్యులు లీడర్ మీదే ఆధారపడ్డారా అని. అది వారం వారం పెరుగుతోందంటే మీరు క్లాసు చెబుతున్నారేమో చూసుకోండి.

గ్రూపు సగటు చూసి ఊరుకోవద్దు. ఎంగేజ్డ్‌లో ఏడుగురికి 5, ఒకరికి 1 వస్తే సగటు 4.5. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆ ఒక్కరే మానేసేది. మీరిద్దరూ కూడా ఇదే ఫారం, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే నింపండి. మీ అంకెలకీ సభ్యుల అంకెలకీ తేడా ఎక్కడ వచ్చిందో, తర్వాతి సెషన్‌కి ముందు చర్చించాల్సింది అదే.

జవాబు
"చాలా బాగుంది" ఎందుకొస్తుందంటే ఫారం మీద పేరుంటుంది, తీసుకునేది మీరే. మేడమ్ ఏమనుకుంటారో అని మంచి మాటే రాస్తారు. లీడర్ల గురించిన ఫారానికి పేరు బదులు కోడ్ పెట్టండి, రిసెప్షన్‌లో డబ్బాలో వేయించండి. చదవలేనివాళ్లకి చదివి నింపేది కూడా మీరు కాకూడదు. పీహెచ్‌క్యూ మాత్రం పేరుతోనే ఉండాలి, 9వ ప్రశ్న వల్ల.

ఇంకోటి, "లీడర్" అని ఒకే గడి ఇస్తే మీ ఇద్దరినీ కలిపి మార్కులేస్తారు. ఎవరి గడి వాళ్లకి విడిగా ఉండాలి.

మధ్యలో మానేసినవాళ్లని లెక్కలోంచి తీసేయకండి. ఉన్నవాళ్ల స్కోర్లే చూస్తే గ్రూపు ఎప్పుడూ బాగా నడిచినట్టే కనిపిస్తుంది. మానేసినవాళ్ల ఆఖరి ఫారం స్కోరునే ముగింపు స్కోరుగా వేసుకోండి.