రోజువారీ బైక్ ప్రయాణానికి బూట్లు: చీలమండను నిజంగా కాపాడేవి ఏవి?

ప్రశ్న — హనుమకొండ రైడర్

నమస్కారం. ఉద్యోగరీత్యా నేను హనుమకొండ నుండి పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లికి బైక్ మీద వెళ్లి వస్తుంటాను. హెల్మెట్, గ్లౌజులు, మోకాలి గార్డులు ఉన్న ప్యాంటు ఇప్పటికే వాడుతున్నాను గాని, కాళ్లకు మాత్రం మామూలు స్పోర్ట్స్ షూలే వేసుకుంటున్నాను. ఈ దారిలో బొగ్గు లారీలు ఎక్కువ. వరి కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. నాట్ల రోజుల్లో పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలిన రేగడి మట్టి వాన పడితే జారుడుగా మారుతుంది. ఎనిమిది వేల వరకు ఖర్చు పెట్టగలను. సింగరేణిలో పనిచేసే మిత్రుడొకరు స్టీల్ టో (వేళ్ల మీద స్టీల్ కప్పు) ఉన్న సేఫ్టీ బూట్లు చాలునని, అవి చవక కూడానని అంటున్నారు. అవి సరిపోతాయా? వాటిని వేసుకొని ఆఫీసులో కూడా నడవవలసి ఉంటుందని గమనించి సలహా ఇవ్వగలరు.

జవాబు — కాజీపేట టూరింగ్

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది చీలమండ సంగతి. బండి పక్కకు ఒరిగి పడేటప్పుడు కాలు వెనక్కి తీసుకునే వ్యవధి చాలాసార్లు ఉండదు. పాదం బండికీ రోడ్డుకూ మధ్య అడ్డంగా నలుగుతుంది, లేదా పాదం ఒకవైపు, కాలు ఒకవైపు మెలి తిరుగుతాయి. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించే ఎముకల మీద కండ ఉండదు, చర్మం మాత్రమే ఉంటుంది. మెత్తని గుడ్డతో కుట్టిన, చీలమండ కిందనే ముగిసిపోయే స్పోర్ట్స్ షూ అక్కడ ఏ విధంగానూ అడ్డుపడదు.

హెల్మెట్‌కు ఐఎస్ 4151 అనే భారతీయ ప్రమాణం చూసినట్లే, బైక్ బూట్లకు ఈఎన్ 13634 అనే యూరప్ ప్రమాణం చూడండి. లోపల కుట్టిన లేబుల్ మీద బైక్ నడిపే మనిషి బొమ్మ, దానితోపాటు నాలుగు అంకెలు ఉంటాయి. 2017 నాటి ప్రమాణం ప్రకారం మొదటి అంకె బూటు ఎత్తును, రెండోది రాపిడిని, మూడోది కోతను తట్టుకునే శక్తిని, నాలుగోది పక్కల నుంచి నొక్కినప్పుడు నలగకుండా నిలిచే బిగువును తెలుపుతాయి. ఒక్కో అంకె 1 గాని 2 గాని అయి ఉంటుంది. నేనైతే నాలుగో అంకె 2 ఉన్న జతనే ఎంచుకుంటాను. ఇంకొక ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ ప్రమాణంలో చీలమండ గార్డు తప్పనిసరి కాదు. ఆ పరీక్షలో కూడా నెగ్గిన బూటుకు ఐపీఏ అనే అక్షరాలు విడిగా ఉంటాయి. కాబట్టి యూరప్ నియమాలకు లోబడి ఉందని తెలిపే సీఈ గుర్తు ఉందని దుకాణదారు చూపించినంత మాత్రాన తృప్తి పడకండి.

లేబుల్ చూశాక చేతులతో కూడా పరీక్షించండి. ఒక చేత్తో మడమనూ, మరో చేత్తో ముందు భాగాన్నీ పట్టుకొని, తడిబట్ట పిండినట్లు మెలిపెట్టండి. సోల్ నడుమ సులభంగా తిరిగిపోయే బూటును పక్కన పెట్టేయండి. తర్వాత సోల్ రెండు అంచులనూ అరచేతుల మధ్య ఉంచి గట్టిగా నొక్కండి. అంచులు దగ్గరికి వస్తున్నాయంటే, బండి కింద చిక్కిన పాదానికి ఆ బూటు ఆసరా ఇవ్వదు. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే లోపల గట్టి కప్పు తగలాలి. స్పాంజి మాత్రమే తగిలితే అది సౌకర్యం కోసం పెట్టినదే. చివరగా తొడుక్కొని, జిప్పు, పట్టీలు పూర్తిగా బిగించి, మరొకరిని మడమ పట్టుకొని లాగమనండి. దుకాణంలో జారి వచ్చే బూటు రోడ్డు మీద కూడా ఊడిపోతుంది.

జవాబు — గోదావరిఖని

నేను పనిలో రోజంతా సేఫ్టీ బూట్లే వేసుకుంటాను కనుక మీ మిత్రుని సలహా గురించి చెబుతాను. ఐఎస్ 15298 ప్రకారం తయారైన సేఫ్టీ బూటులో వేళ్ల మీది కప్పు 200 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) దెబ్బను తట్టుకోవాలి. ఆ రక్షణ నిజమైనదే, కాని అది పై నుంచి పడే బరువు కోసం ఏర్పాటు చేసింది. చీలమండ పక్కల గట్టి కప్పు ఉండాలన్న నియమం మామూలు సేఫ్టీ బూటుకు లేదు, తారు మీద ఈడ్చుకుపోయినప్పుడు ఎంతసేపు నిలుస్తుందన్న పరీక్ష కూడా లేదు. స్టీల్ కప్పు వంగి వేళ్లు తెగిపోతాయని కొందరు భయపడతారు. నా అభ్యంతరం అది కాదు. మీరు ఇప్పుడు వేసుకుంటున్న స్పోర్ట్స్ షూల కన్నా సేఫ్టీ బూట్లు తప్పకుండా నయమే, అయితే ఎనిమిది వేలు పెట్టగలిగినప్పుడు వాటితో ఆగిపోవలసిన అవసరం లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ముందూ వెనకా తొక్కే గేరు లివర్ ఉన్న బండి అయితే, ముందు లివర్‌కూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య ఉండే సందులో ఎత్తైన స్టీల్ ముక్కు ఇరుక్కునే అవకాశం ఉంది. ధాన్యం పోసిన చోట హఠాత్తుగా ఆగి కాలు ఆనించవలసి వచ్చినప్పుడు అది ప్రమాదకరం.

హనుమకొండ రైడర్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఐపీఏ ఉన్నవే రెండు రకాలు దొరికాయి. ఒకటి చీలమండ దాటి నాలుగు వేళ్ల ఎత్తు వరకే ఉంటుంది, వాటర్‌ప్రూఫ్ కాదు. రెండోది పిక్క దాకా వస్తుంది, వాటర్‌ప్రూఫ్ పొర కూడా ఉంది. మే నెల ఎండనూ, శ్రావణ మాసపు వానలనూ దృష్టిలో ఉంచుకుంటే ఏది తీసుకోవాలి? నాది ముందూ వెనకా తొక్కే గేరు లివరే.

జవాబు — కాజీపేట టూరింగ్

పొడవు బూటు మోకాలి కింద కాలి ముందు వైపు ఎముకను కూడా కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయినా రోజూ ఆఫీసుకు వెళ్లే మీకు పొట్టి బూటే తగినదని నా అభిప్రాయం. మన దగ్గర మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న పొడవు బూటు లోపల చెమటకు సాక్సులు తడిసిపోతాయి, దాంతో కొన్నాళ్లకు దాన్ని ఇంట్లో వదిలేసి మళ్లీ చెప్పులతో బయలుదేరేవారిని చాలామందిని చూశాను. వానకు బూటు మీదుగా వేసుకునే రెయిన్ కవర్ విడిగా కొనుక్కోండి. రెయిన్ ప్యాంటు కొసలను బూటులోకి దోపకండి, బయటికే ఉంచండి. లేకపోతే ప్యాంటు మీది నీళ్లన్నీ బూటులోకే దిగుతాయి. తడిసిన బూటులో పాత న్యూస్ పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి, ఎండలో గాని వేడి ఇంజిన్ దగ్గర గాని పెడితే తోలు బిరుసెక్కుతుంది.

సాయంత్రం పాదాలు కొంచెం ఉబ్బి ఉన్న వేళ, మందపాటి సాక్సులతో కొలత చూసుకోండి. తగ్గింపు ధరకు వస్తుందని ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న పాత జత తీసుకోకండి. పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్ నురుగు) సోల్ వాడకపోయినా గాలిలోని తేమకు మెల్లగా పొడిపొడిగా రాలి విరిగిపోతుంది.

బూటు కొన్నాక గేరు లివర్‌ను తప్పకుండా సరిచేయించండి. లివర్ బోల్టు వదులు చేసి, అది తొడిగిన షాఫ్టు పళ్ల మీద ఒకటి రెండు గాట్లు పైకి తిప్పి బిగిస్తే ముందు సందు పెరుగుతుంది. వెనక లివర్ అప్పుడు కిందికి దిగుతుంది కనుక అది ఫుట్‌రెస్ట్‌కు తగలకుండా చూడాలి. మందపాటి సోల్‌తో వెనక బ్రేకు ఎంత లోతుకు తొక్కుతున్నారో మొదట్లో సరిగా తెలియదు. ఖాళీగా ఉన్న చోట కొన్నిసార్లు తొక్కి అలవాటు చేసుకోండి. పెడల్ ఎత్తు మార్పిస్తే బ్రేకు లైటు స్విచ్ కూడా సరిచూడమని మెకానిక్‌కు చెప్పండి. లేదంటే లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, లేదా అసలు వెలగదు.