పైమట్టి పోయిన క్వారీ నేలను మళ్లీ అడవిగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

క్వారీ మూతపడ్డ రెండెకరాల్లో అడవిని తిరిగి తేవాలని చూస్తున్నాం. నేలంతా లాంటానా అనే, వేగంగా వ్యాపించే విదేశీ ముళ్ల పొద అల్లుకుపోయింది. దాన్ని పీకేసి, పశువులు రాకుండా కంచె వేస్తే చాలు, మట్టిలో ఉన్న విత్తనాలే మొలుస్తాయని కొందరు అంటున్నారు. కానీ పైమట్టే కొట్టుకుపోయిన చోట విత్తనాలు ఎలా మిగులుతాయి? నా టెన్షన్ అంతా ఇదే.

2021–2030ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. అయినా చాలామందికి పునరుద్ధరణ అంటే మొక్కలు నాటడమే. ఒకే జాతిని వరుసల్లో నాటితే తోట అవుతుంది గానీ అడవి కాదు కదా!

దగ్గర్లో చెడకుండా మిగిలిన చిన్న అడవి ముక్క ఉంది, దాన్నే నమూనాగా పెట్టుకున్నాం. ముందు వాననీటికి కందకాలు తవ్వాలా, స్థానిక గడ్డి విత్తనాలు చల్లాలా? పీకిన లాంటానా మళ్లీ రాకుండా ఏం చేశారు? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.