స్కాట్ బ్లూమ్‌క్విస్ట్‌ను గెలిపించింది చెయ్యా, బండా? ఈ పంచాది తెంపుండ్రి

మునుగోడు మట్టి

అన్నలూ, సున్నా నంబరు స్కాట్ బ్లూమ్‌క్విస్ట్ 2024 ఆగస్టు 16న టెనెసీల మూర్స్‌బర్గ్ దగ్గర, ఇంటోళ్ల ఫారంల చిన్న విమానం కొట్టం మీద కూలి చనిపోయిండు. అప్పటికి అరవై ఏండ్లు. గప్పటి సంది డర్ట్ లేట్ మోడల్ (అమెరికాల మట్టి ట్రాక్‌ల మీద తోలే రేసు కార్లు) మాట ఎక్కడ లేచినా రెండు పార్టీలే. ఆయనను మించినోడు పుట్టలేదనేటోళ్లు ఒక దిక్కు. బండి తనే చేసుకునేటోడు, అందుకే గెల్చిండు, డ్రైవర్‌గ బిల్లీ మోయరే పెద్దోడు, పైంగ ఆ డ్రగ్స్ కేసు మర్శిపోయిన్రా అనేటోళ్లు ఇంకో దిక్కు.

నాకు పొగడ్తలొద్దు, తిట్లొద్దు. ఎల్డోరా ట్రాక్‌ల డ్రీమ్ అనే పెద్ద రేసు తొమ్మిదిసార్లు గెల్చిండంటే ఆ గెలుపుల చెయ్యి ఎంత, ఛాసిస్ (బండి చట్రం) ఎంత? 2018 తర్వాత అక్కడ మళ్ల ఎందుకు గెలవలేదు? బండి లోపలి సంగతి తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు పదును

మొదలు లెక్క సరిచేసుకో తమ్మీ. డ్రీమ్ తొమ్మిది కాదు, ఎనిమిది: 1995, 2002, 2004, 2006, 2008, 2013, 2017, 2018. అక్కడిదే ఇంకో పెద్ద రేసు వరల్డ్ 100 నాలుగు: 1988, 1990, 2000, 2014. రెండూ ఒహాయోల ఎల్డోరా ట్రాక్ మీదనే. డ్రీమ్ జూన్‌ల, వరల్డ్ 100 సెప్టెంబర్‌ల. చాలామంది ఈ రెంటిని కలిపేస్తరు. అక్కడ శనివారం రాత్రి పదికి ఫైనల్ మొదలైతే మనకు ఆదివారం పొద్దున ఏడున్నర.

ఇగ చెయ్యా బండా అనేముందు మట్టి సంగతి చూడాలె. ఎల్డోరా అర మైలు ట్రాక్, అంటే 800 మీటర్లు, మలుపులు బాగా ఏటవాలు. పొద్దుగూకంగ నీళ్లు కొట్టి, దున్ని, రోలర్ తిప్పి ఇడుస్తరు. హీట్ రేసులప్పుడు (ఫైనల్‌కు ముందు జరిగే చిన్న రేసులు) మట్టిల పదును, అంటే తడి, ఉంటది. టైరు కరుస్తది, ఎవడైనా కాలు అదిమి పట్టి తోలుతడు. వంద ల్యాపుల ఫైనల్ వచ్చేవరకు ఆ పదును పోతది. అప్పుడు ట్రాక్ నల్లగ నిగనిగలాడుతది. రేగడిల వాన పడ్డంక బండి జారుతదే, గట్ల జారుడు కాదు. అది తడి జారుడు. ఇది ఎండి, టైర్ల రాపిడికి నునుపెక్కి, పాత ఇంట్ల గచ్చు లెక్క అయిన జారుడు. పొడి మట్టంత బయటి గోడ దిక్కు కొట్టుకపోయి ఒడ్డు లెక్క పేరుకుంటది. దాన్నే కుషన్ అంటరు.

అప్పుడు డ్రైవర్‌కు రెండే దార్లు. కుషన్‌కు కుడి వెనక టైరు ఆనిచ్చి పైనుంచి పోవుడు, లేకుంటే కింద, లోపలి అంచున ఇంకా రవ్వంత పదును ఉన్న పట్టీ దొరకబట్టుడు. పైదారి స్పీడు, కాని బెత్తెడు తప్పితే గోడే. కింది దారిల యాక్సిలరేటర్ మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టాలె. చక్రం ఒక్కసారి గిర్రున తిరిగిందంటే టైరు పైపొర కాలి మెరుస్తది, మళ్ల పట్టు రావాలంటే రెండు మూడు ల్యాపులు పడతది. బ్లూమ్‌క్విస్ట్ పెద్దరికం ఈ కింది దారిల ఉన్నది. స్టీరింగ్ తక్కువ తిప్పుడు, మలుపుల బండిని అడ్డం పడనియ్యకపోవుడు, మొదటి నలభై ల్యాపులు టైరును కాపాడుడు. 1988ల గెల్చినోడు 2014ల కూడా అదే వరల్డ్ 100 గెల్చిండు. నడుమ 26 ఏండ్లు. అన్నేండ్లల ఎన్ని ఛాసిస్‌లు మారినయి, ఎన్ని టైర్లు మారినయి! బండి ఒక్కటే గెలిపిస్తే ఇన్నేండ్లు నడవదు.

మిర్యాలగూడ పానా

పదును అన్న మట్టి గురించి చెప్పింది కరెక్టే. కానీ బండిని అంత తేలికగా పక్కన పెట్టలేం. ఆ కింది పట్టీ మీద నిలబడాలంటే బండి ముందు సహకరించాలి.

లేట్ మోడల్ బరువు పెద్ద సిరీస్‌లలో డ్రైవర్‌తో కలిపి కనీసం 2,300 పౌండ్లు, అంటే సుమారు 1,043 కిలోలు. ఇంజిన్ అల్యూమినియం బ్లాక్ వీ8, 800 హార్స్‌పవర్ పైమాటే. అంత తేలిక బండికి అంత పవర్ ఇస్తే సమస్యంతా వెనక చక్రాల దగ్గరే. వెనక యాక్సిల్‌ను ఒక్కో పక్క రెండేసి రాడ్లు పట్టుకుంటాయి, ఫోర్ బార్ అంటారు. మలుపులో గ్యాస్ ఇచ్చినప్పుడు ఎడమ పక్క రాడ్లు యాక్సిల్‌ను ముందుకు లాగి, బాడీని పైకి ఎత్తుతాయి. మీరు వీడియోలో చూసే "ఎడమ వెనక లేచిన బండి" అదే. అలా ఎడమ చక్రం ముందుకు జరిగితే యాక్సిల్ మొత్తం కొద్దిగా కుడికి తిరుగుతుంది, తోక బయటికి వెళ్తుంది, ముక్కు దానంతట అదే ఎడమకు తిరుగుతుంది. స్టీరింగ్ తక్కువ తిప్పడం అని పదును అన్న మెచ్చుకున్నదానిలో సగం పని ఈ రాడ్లదే.

ఇందులో తప్పు జరిగేది ఎక్కడంటే, ఆ లేవడానికి హద్దు పెట్టే చైను దగ్గర. చైను పొడవెక్కువైతే గ్యాస్ వదిలిన క్షణంలో బాడీ ధబీమని కిందికి పడి, మలుపు ఎంట్రీలో బండి కుదురుగా ఉండదు. పొట్టిదైతే రాడ్లు పనిచేయడానికి చోటుండదు, చక్రం ఉత్తగా తిరుగుతుంది. స్టాగర్ కూడా అంతే. కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదానికంటే కొన్ని అంగుళాలు ఎక్కువ ఉంటుంది. స్టీలు గ్లాసును పక్కకు పడేసి దొర్లిస్తే గుండ్రంగా తిరిగినట్టు, బండి దానికదే ఎడమకు తిరగాలని. ఎక్కువ పెడితే స్ట్రెయిట్‌లో బండి లోపలికి లాగుతుంది, తక్కువైతే మలుపులో ముక్కు బయటికి నెడుతుంది. వెనక కవరు విప్పి రెండు గేర్లు మార్చుకునే క్విక్ చేంజ్ ఉంటుంది కదా, జారుడు ట్రాక్‌కి దాంట్లో రేషియో తగ్గించాలి. అప్పుడే చక్రం తక్కువ గిరగిరలాడుతుంది.

బ్లూమ్‌క్విస్ట్ సొంతంగా ఛాసిస్‌లు కట్టాడు. టీమ్ జీరో, తర్వాత స్వీట్-బ్లూమ్‌క్విస్ట్. పైపు ఎక్కడ వంగితే బాడీ ఎంత మెలి తిరుగుతుందో కట్టినవాడికి తెలిసినంత కొన్నవాడికి తెలియదు. కాబట్టి నేను "బండి" అనే అంటాను. రుజువు కావాలంటే 2013లో ఎల్డోరాలోనే జరిగిన నాస్కార్ (అమెరికాలో పెద్ద కార్ రేసుల సంస్థ) ట్రక్ రేస్ చూడండి. కైల్ బుష్ టీమ్ 51 నంబరు ట్రక్ ఇస్తే 25వ స్థానం. అదే ట్రాక్, అదే మట్టి, అదే చెయ్యి. బండి మాత్రం తనది కాదు.

కొల్లాపూర్ కుషన్

పానా అన్నా, ట్రక్ ముచ్చట ప్రతిసారి తెస్తరు. ట్రక్ బరువు లేట్ మోడల్ మీద ఇంచుమించు ఒకటిన్నర రెట్లు, పవర్ తక్కువ, వెనక ఫోర్ బార్ లేదు. ఎద్దుల బండి తోలినోన్ని తెచ్చి ట్రాక్టర్ మీద కూసోబెట్టి దున్నుడు రాదనుడు అయితది. ఆ రేసు గెల్చిన ఆస్టిన్ డిల్లన్‌కు డర్ట్ కూడా తెలుసు, నాస్కార్ బండ్లు కూడా తెలుసు. గదీ తేడా.

మిర్యాలగూడ పానా

అన్నా, నువ్వు చెప్పింది నా మాటకే బలం. ఆయన చెయ్యి ఫోర్ బార్‌కి అలవాటు పడ్డ చెయ్యి అనే కదా నేనూ అంటున్నది. ఇంకోటి. ఎల్డోరాలో లేట్ మోడల్స్‌కి మిలియన్ డాలర్ల రేసు 2001లో, 2022లో పెట్టారు. మొదటిది డానీ మోరన్, రెండోది జొనాథన్ డేవెన్‌పోర్ట్ గెలిచారు. బ్లూమ్‌క్విస్ట్ పేరు అందులో లేదు. వరల్డ్ 100లో మోయర్ ఆరు గెలిచాడు, ఈయన నాలుగు. "మించినవాడు లేడు" అనేవాళ్లు ఈ లెక్కలు కూడా పక్కన రాసుకోవాలి.

పాలమూరు పదును

రాసుకుంటం. నువ్వు కూడా రాసుకో: 2004 వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ సిరీస్ టైటిల్, 2009, 2010, 2016 లూకస్ ఆయిల్ సిరీస్ టైటిళ్లు. 600 పైన గెలుపులు. 2018 డ్రీమ్ గెల్చినప్పుడు వయసు 54. మోయర్ 800 దాటిండు, ఒప్పుకుంట. కాని డ్రీమ్ ఎనిమిదిసార్లు గెల్చినోడు ఇంకొకడు లేడు.

ఛాసిస్ మాట కొస్తే, తనే కట్టిండు కాబట్టి బండి గొప్ప అంటివి. కట్టుడు కూడా ఆయన పనే కదా! మగ్గం నేసినోడే రంగు అద్దితే చీర బాగుంది, మనిషిది ఏం లేదు అంటమా? పుట్టపాకకు పోయి ఆ మాట అను చూద్దాం.

సాగర్ ఎడమ కాల్వ

కేసు సంగతి ఎవ్వరూ ముట్టుకుంటలేరు, ప్రశ్నల అది కూడా ఉన్నది.

1993ల డ్రగ్స్ కేసుల అరెస్టయిండు. అది రికార్డుల ఉన్నదే, దాచేది లేదు. 1988, 1990 వరల్డ్ 100 గెల్చి మంచి ఊపు మీదున్న రోజులు. పుర్రె గుర్తు, పొడుగు జుట్టు, మైక్ ముందల పెద్ద పెద్ద మాటలు, దానికి తోడు ఈ కేసు. స్టాండ్లల సగంమంది కేకలేసి తిట్టుడు, సగంమంది ఎగిరి గంతేసుడు. తిట్టేటోళ్లు కూడా టికెట్ కొనే వచ్చిన్రు, అది వేరే ముచ్చట. నా అభిప్రాయం ఏందంటే, కేసును చెరిపేయొద్దు, దాన్ని పట్టుకొని గెలుపులను కూడా చెరపొద్దు. కేసు తర్వాత రెండేండ్లకు 1995 డ్రీమ్ గెల్చిండు. 2002ల డర్ట్ లేట్ మోడల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల తీసుకున్నరు. రేసులు నడిపేటోళ్లే ఒక లెక్కకు వచ్చిన్రు, మనం ఇక్కడ కూసోని కొత్త శిక్ష ఏసేదేంది?

2018 తర్వాత ఎందుకు గెలవలేదంటే, ముందు పెయ్యి సంగతి చూడాలె. 2019 మార్చిల డేటోనా బీచ్‌ల మోటార్‌సైకిల్ యాక్సిడెంట్. కాలు, తుంటి దెబ్బతిన్నయి. అదే ఏడు మళ్ల బండెక్కిండు, అది తొందరపాటేనని నేనంట. ఎందుకంటే ఈ బండిల ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు గ్యాస్ మీద ఒకేసారి పనిచేస్తయి. మలుపుల దిగేటప్పుడు ఎడమ కాలు కొద్దిగ నొక్కితేనే ముక్కు కుదురుకుంటది. వంద ల్యాపులంటే రెండు వందల మలుపులు. సీటు పెయ్యిని కదలనియ్యదు, భారమంత కుడి దిక్కు నూకుతది, తుంటి మీదనే పడతది. నొప్పి ఉన్నోడు బ్రేకు మీద కాలు ఒక్క లిప్త ఆలస్యం చేసినా కింది పట్టీ దాటి బండి పైకి పోతది. ఆ తర్వాత వెన్ను ఆపరేషన్, ప్రొస్టేట్ క్యాన్సర్. వీటి నడుమ రేసులకు పోయిండంటేనే గొప్ప.

మిర్యాలగూడ పానా

ఇక్కడ నేను కాల్వ అన్నతో ఒప్పుకుంటా, ఒక్క మాట కలుపుతా. ఒళ్లు ఒక్కటే కాదు. ఆ ఏళ్లలోనే షాక్ అబ్జార్బర్ల పని మారిపోయింది. ఇప్పుడు బండిని షాపులోనే పుల్‌డౌన్ రిగ్ మీద పెట్టి, మలుపులో ఎంత కుంగుతుందో అంత కిందికి లాగి, నాలుగు చక్రాల మీద పడే బరువు పౌండ్లలో కొలుస్తారు. బంప్ స్టాప్ (షాక్ మరీ కుంగకుండా ఆపే దిమ్మె) మందం అంగుళంలో ఎనిమిదో వంతు మార్చినా ఆ రిగ్ మీద తేడా కనిపిస్తుంది. ఎడమ వెనక ఎంత లేవాలో సిరీస్‌లే కొలత పెట్టి తనిఖీ చేస్తున్నాయి. అంటే ట్రాక్ దగ్గరికి వచ్చి మట్టిని చూసి నిర్ణయించే పని సగం షాపులోనే అయిపోతుంది. ఆయన బలం ట్రాక్ దగ్గరే. మట్టి చూసి టైరు ఎంచుకోవడం, ఎన్ని గాట్లు కోయాలో తేల్చుకోవడం.

మునుగోడు మట్టి

ఆ గాట్ల సంగతి ఎవరన్న జర ఇప్పి చెప్పుండ్రి. టైరును ముందే కోసుడు ఎందుకు?

పాలమూరు పదును

రెండు రకాలు తమ్మీ. వెడల్పు గాటు వేరు, సన్న గీత వేరు. వెడల్పు గాటు (గ్రూవ్) ట్రాక్‌ల పదును ఉన్నప్పుడు: మట్టి అండ్ల కెళ్లి బయటికి పోతది, అంచు కరుస్తది, టైరు చల్లగుంటది. సన్న గీత (సైప్) జారుడుకు: రబ్బరు దిమ్మెలు అటిటు కదిలి తొందరగ వేడెక్కుతయి, మెత్తగైతయి, పట్టు దొరుకుతది. వంద ల్యాపుల రేసుకు గీతలు ఎక్కువ ఏసినవనుకో, ముప్పై ల్యాపులు రాజు లెక్క పోతవు. తర్వాత రబ్బరు పొక్కులొచ్చి, ముక్కలు ముక్కలు లేచి, కుడి వెనక పగుల్తది. గట్టి టైరు ఏసి తక్కువ కోస్తే మొదట్ల వెనకబడతవు, డెబ్బై దాటినంక ఒక్కొక్కన్ని దాటుకుంట పోతవు. బ్లూమ్‌క్విస్ట్ రేసులు ఎక్కువ ఈ రెండో తీరే. తెలియనోళ్లకు మొదటి సగం "ఏంది, ఈయనకేమైంది" అనిపిస్తది.

మట్టి చూసుడు మన రైతులు చూసినట్టే. పిడికెడు తీసి పిసికితే ముద్ద కట్టాలె, బొటనవేలితోని ఒత్తితే రెండు పలకలు కావాలె. అంటుకుంటే నీళ్లెక్కువ, పొడి రాల్తే పదును పోయినట్టు. మన దగ్గర ట్రాక్ ఎయ్యాలన్నా ఇదే లెక్క. ఉత్త చెల్కల ఎయ్యకు, గంటల దుమ్మైతది. ఉత్త రేగడి నెర్రెలిడుస్తది. చెల్కల చెరువు పూడిక మట్టి కలిపి, పొద్దటి సంది కొంచెం కొంచెం తడిపి, రోలర్ తిప్పాలె. ఒక్కసారే ట్యాంకర్ గుమ్మరిస్తే పైన బురద, లోపల పొడి. కాల్షియం క్లోరైడ్ చల్లితే తడి కొంచెం ఎక్కువసేపు ఆగుతది. కాని నీళ్ల బదులు అదే అనుకోవద్దు.

మునుగోడు మట్టి

సమజైంది. చెయ్యి, బండి, మట్టి అని మూడు ముక్కలు చేసి అడిగిన గని, మూడు ఒక్కకాడనే ఉన్నయి. మొదలు ఏ రేసు చూడాలె?

కొల్లాపూర్ కుషన్

2014 వరల్డ్ 100 పెట్టు. ముందలున్న బండిని చూడకు, సున్నా నంబరు కుడి వెనక టైరును చూడు. యాభై ల్యాపులైనంక మిగతా బండ్ల టైర్లు మలుపు బయటికి వచ్చేటప్పుడు ఎట్ల గిర్రున తిరుగుతున్నయో పక్కనబెట్టి పోల్చు. సౌండ్ బంద్ చెయ్యకు. ఇంజిన్ మోత ఒక్కసారి లేస్తే చక్రం జారినట్టు.

మిర్యాలగూడ పానా

ఆ తర్వాత 2013 ట్రక్ రేస్ కూడా చూడు తమ్ముడూ. కుషన్ అన్నకు కోపం వస్తే రానీ.