డిస్నీ వరల్డ్‌లో బాణసంచా అయ్యాక నడకా, మోనోరైలా? తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్లోరిడా వెళ్తున్నాం. అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి, పాపకు మూడేళ్లు, వెంట స్ట్రోలర్. రిసార్ట్ ఇంకా ఖరారు కాలేదు, నడక దూరమే తేల్చాలి.

ఇప్పటిదాకా తెలిసింది: కాంటెంపరరీ రిసార్ట్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడిస్తే పది నిమిషాలు. మోనోరైలు అదే పార్కుకు చుట్టూ తిరిగి, మధ్యలో ఆగుతూ వెళ్తుంది కాబట్టి అక్కడ నడకే మేలు. బోర్డ్‌వాక్ రిసార్ట్ నుంచి ఎప్‌కాట్ పార్కు వెనక గేటు ఇంటర్నేషనల్ గేట్‌వేకూ అంతే. పడవ కోసం నిలబడేలోపు చేరిపోవచ్చు. యానిమల్ కింగ్‌డమ్ పార్కుకు మాత్రం ఏ రిసార్ట్ నుంచీ కాలిబాట లేదు, బస్సే దిక్కు. బస్సెక్కాలంటే స్ట్రోలర్ మడవాలి, నిద్రపోతున్న పాపను ఎత్తుకోవాలి. మోనోరైల్లో ఆ బాధ లేదు.

అసలు సందేహాలు ఇవీ:

గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్ట్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ దారిలో పడవల కోసం పక్కకు తిరిగే వంతెన ఉందిగా, రాత్రి అది తెరిస్తే ఎంతసేపు ఆగాలి? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దారిలో కూర్చునే బెంచీలున్నాయా?

బోర్డ్‌వాక్ నుంచి హాలీవుడ్ స్టూడియోస్ పార్కుకు కాలువ పక్క బాట ఇరవై నిమిషాలంటున్నారు. పెద్దవాళ్ల నడకకు ఎంత పడుతుంది? మధ్యాహ్నం నీడ ఉంటుందా? వేసవి సాయంత్రాల్లో పిడుగులు పడితే పడవలు ఆపేస్తారు కదా, అప్పుడు బస్సులు వేస్తారా?

వీల్‌చెయిర్ తోసుకుంటూ ఈ దారుల్లో వెళ్లినవాళ్లుంటే తప్పకుండా రాయండి.