రెడ్ డీర్ లోయ రాతి స్తంభాలు: తలమీది బండ పడిపోతే?

కెనడాలో అల్బర్టా రాష్ట్రం, డ్రమ్‌హెల్లర్ దగ్గర రెడ్ డీర్ నది లోయలోని 'హూడూ' రాతి స్తంభాలు చూసొచ్చాం. ఇంకా కళ్లముందే ఉన్నాయి. 5 నుంచి 7 మీటర్ల ఎత్తు. మెత్తటి ఇసుకరాతి మీద గట్టి బండ గొడుగులా నిలిచి, కింది రాయి వానకు కరగకుండా కాస్తోంది. అంతవరకు అర్థమైంది.

అంతుచిక్కనిది ఇది: ఆ గట్టి పొర ఒకప్పుడు లోయంతా పరుచుకుని ఉండేదా, లేక అక్కడక్కడా ముద్దలుగానే గట్టిపడిందా? గొడుగు జారిపడ్డాక కాండం ఎన్నేళ్లు నిలుస్తుంది? తలలేని మొండేలు కొన్ని చూసి మనసు చివుక్కుమంది. మనుషులు ఎక్కడం వల్ల కూడా ఇలా అవుతుందా?

భూగర్భశాస్త్రం తెలిసినవాళ్లు దయచేసి వివరించండి. మా అమ్మాయి రోజూ అడుగుతోంది, తనకు తప్పు చెప్పలేను.